ముడి విప్పేంత సేపు

ఆవిరి బుస్సుమని లేచి కళ్ళద్దాలు కమ్మేసింది. అయినా ఆయన చేతులు ఆగలేదు. తడి దుప్పటి అంచు ఎక్కడుందో వేళ్ళకు తెలుసు, కళ్ళతో పని లేదు. రెండు మూలలూ పట్టి ఒక్క విదిలింపు విదిలించి ఇస్త్రీ రోలర్ నోటికి అందిస్తే అది మింగేస్తుంది. అవతలి వైపు నుంచి ముడత అన్నది లేకుండా, పొగలు కక్కుతూ బయటికొస్తుంది. అక్కడ మడతలావిడ అందుకుంటుంది. ఈయన చుట్టూ తిరిగి వెళ్ళి రెండో కొస పట్టుకుంటాడు. ఇద్దరూ ఎదురెదురుగా నడిచొస్తారు, మూలలు కలుస్తాయి, వెనక్కి నడుస్తారు, మళ్ళీ కలుస్తారు. ఏళ్ళ తరబడి అదే నడక.

ఆసుపత్రి కింద నేలమాళిగలో ఉంది ఆ లాండ్రీ. పైన మనుషులు పుడుతుంటారు, పోతుంటారు. కింద మాత్రం అందరి దుప్పట్లూ ఒకే నీళ్ళలో తిరుగుతుంటాయి.

ఆయన మనిషి పొట్టి. బోడిగుండు మీద ఎప్పుడూ చెమట మెరుస్తుంటుంది. ముంజేతుల మీద రోలర్ పెట్టిన వాతలు, వయసుతో పాటు పెరిగిన బానపొట్ట. లాండ్రీలో అందరూ టేపు బాబాయి అంటారు. పని చేస్తున్నంత సేపూ టేపు తిరిగినట్టు ఆపకుండా, పెదాలు బిగించి ట్రంపెట్ కూతలు కూస్తుంటాడు కాబట్టి. తప్పిపోయిన దూడ తల్లి కోసం అరిచినట్టుంటుందని మడతలావిడ అంటుంది.

ఆవేళ కూత మధ్యలో రెండుసార్లు తెగింది. ఎడమ చెయ్యి గుంజింది. మడతలావిడ చూసింది.

"బాబాయ్, పైన డాక్టర్లంతా మన దుప్పట్ల మీదే బతుకుతున్నారు. ఒక్కసారి ఎక్కి చూపించుకుంటే నీ సొమ్మేం పోతుంది?"

"ఇవాళ కాదమ్మా. ఇవాళ నేను యుద్ధానికి పోతున్నా," అన్నాడాయన.

యుద్ధం బావమరిదితో. అది పెళ్ళైన నాటి నుంచీ ఉన్నదే. బావమరిది, అంటే భార్యకు తమ్ముడు, స్పీకర్లు అమ్మే కొట్లో పని చేస్తాడు. అతని దృష్టిలో పాట అంటే కడిగిన ముత్యంలా ఉండాలి. పాడేవాడి ఊపిరి కూడా వినపడకూడదు. అక్కగారింటికి వచ్చినప్పుడల్లా మంచం కింద ఉన్న ట్రంకు పెట్టెను కాలితో తట్టి, "బావా, ఈ దొంగ టేపులు ఇంకా పారెయ్యలేదా?" అంటాడు.

దొంగ టేపులన్న మాట నిజమే. వయసులో ఉండగా ఈయన ఏ కచేరీకి వెళ్ళినా చొక్కా లోపల రికార్డరు ఉండేది. ట్రంకు నిండా అవే. ఒక దాంట్లో రాక్ గాయకుడు రెండో చరణం మర్చిపోయి, బూతు మాట తిట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. ఇంకో దాంట్లో గిటారు తీగ తెగుతుంది, తెగిన తీగతోనే వాడు పాట చివరి దాకా ఈడుస్తాడు. వేరొక దాంట్లో ఎవడో తాగుబోతు మొదటి నుంచి చివరి దాకా ఒకే పాట కావాలని మొత్తుకుంటూనే ఉంటాడు, ఆ పాట మాత్రం వాళ్ళు పాడరు. వానకు రేకుల కప్పు మోగే టేపులో పాట వినపడేది తక్కువ, వాన ఎక్కువ. కానీ ఆ వానలో ఒక్కడూ లేచి వెళ్ళలేదని కూడా అదే చెబుతుంది.

"రోజంతా ఇస్త్రీ చేసి చేసి నా ప్రాణం విసిగిపోయిందిరా," అనేవాడు బావమరిదితో. "పాట కూడా ఇస్త్రీదే కావాలా నాకు? నీ డిస్కులు ఎవరూ పడుకోని దుప్పట్లు. నావి మనిషి పడుకుని లేచినవి. ముడతలుంటాయి. ఒంటి వెచ్చదనం కూడా ఉంటుంది."

ఆ ట్రంకులోకెల్లా పై వరసలో ఉన్నది జాజ్ టేపు. అది దొరికిన కథ వేరు.

ఆ రోజు ఆయన వెళ్ళింది ఆఖర్లో వాయించే రాక్ బృందం కోసం. ముందుగా ఒక ముసలి ట్రంపెట్ విద్వాంసుడు ఉన్నాడన్నారు. ఆ పెద్దాయన అప్పుడే ట్రంపెట్‌కు కరెంటు తగిలించి, పక్కన ఎలక్ట్రిక్ గిటార్లు పెట్టుకుని, పాత అభిమానుల చేత శాపనార్థాలు తింటున్నాడు. గేటు దగ్గర కాపలావాళ్ళు ఒళ్ళంతా తడుముతున్నారు. ఈయన భార్య నిండు నెలల మనిషి. అప్పట్లో ఆవిడ కూడా ఆ లాండ్రీలోనే, దుప్పటి రెండో కొస పట్టుకునే పనిలో ఉండేది. చూపులు కలిసింది కూడా ఆ మూలలు కలిసిన చోటే. కడుపుతో ఉన్న మనిషిని ఎవడూ తడమడు కదా అని ఆవిడే అంది. చిరిగిన దుప్పటి పేలికతో రికార్డరును కడుపు కింద కట్టి, పైన పొడుగు కోటు తొడిగారు.

కట్టడం వరకూ బాగానే ఉంది. కానీ ఆయన చేతికి వచ్చిన ముడి ఒక్కటే, మాసిన బట్టల మూటకు వేసే లాండ్రీ ముడి. మూటను మెట్ల మీద దొర్లించినా అది జారదు. లాగేకొద్దీ బిగుస్తుంది.

పెద్దాయన వాయించాడు. జనం ఈలలేశారు, సగం మంది లేచిపోయారు. ఆయన వాళ్ళకు వీపు తిప్పి, ట్రంపెట్‌ను నేలకు వంచి, మెట్టు మెట్టుగా స్వరాన్ని పైకి తీసుకుపోయాడు. రాక్ కోసం వచ్చిన ఈయన మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు. సరిగ్గా పెద్దాయన ఆఖరి మెట్టు మీద కాలు పెట్టబోతుండగా, కోటు లోపల టక్‌మంది. టేపు ఒక వైపు అయిపోయింది. తిప్పి వేయాలంటే ముడి విప్పాలి. వేళ్ళతో రాలేదు. చివరికి జనం మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని, భార్య కోటు కింద తల దూర్చి, పళ్ళతో విప్పాడు. చుట్టుపక్కల వాళ్ళు గొల్లుమన్నారు. ఇంటిదాకా ఆగలేవా నాయనా అన్నాడొకడు. తిరిగి టేపు తిరిగే సరికి పెద్దాయన కిందికి దిగిపోయాడు, డ్రమ్ము ఒక్కటే మెల్లగా నడుస్తోంది.

ఆ శిఖరం మీద ఏం వాయించాడో ఈయనకు తెలియదు. పళ్ళు ముడిలో ఉన్నాయి. భార్యను ఏళ్ళ తరబడి అడిగాడు. నవ్వు ఆపుకునే హడావుడిలో నేను మాత్రం విన్నానా అనేది ఆవిడ. కడుపులో ఉన్నది వినే ఉంటుంది. అది ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, సంగీతమంటే ఆమడ దూరం.

ఆ కచేరీని ఇంకెవరూ రికార్డు చేయలేదు. తిట్టుకుంటూ పోయినదాన్ని ఎవరు దాచుకుంటారు? పెద్దాయన పోయాక అందరికీ గుర్తొచ్చింది. ఎవరెవరో వచ్చి, ఈయన టేపు తిప్పి వేసే సేపు కూడా తమ మిషను ఆపకుండా, కాపీ చేసుకుపోయారు, వాళ్ళ దగ్గర వేరేవాళ్ళు. విత్తనం గాలికి పోయినట్టు పోయింది.

ఇప్పుడు టౌన్ హాల్లో నివాళి కచేరీ. కరపత్రం తెచ్చింది బావమరిదే. ఆనాటి చారిత్రక కచేరీ, స్వరం పొల్లు పోకుండా యథాతథంగా అని అందులో ఉంది. ఆయన చదివి, "చచ్చినవాడి కళ్ళు చారెడు," అన్నాడు. "బతికుండగా ఈలలేసి తరిమారు. ఇప్పుడు దండలా? యథాతథం అంటే, జనం లేచి పోవాలి మరి. పోతారా?"

బావమరిదికి అవకాశం దొరికింది. ముగ్గురికీ టికెట్లు తానే తీసుకున్నాడు. షరతు ఒక్కటే. విన్నాక బావ గుండె మీద చెయ్యేసుకుని, ఇది నా టేపు కంటే గొప్పగా ఉందని ఒప్పుకుంటే, ట్రంకు పాత సామాన్లవాడి బండి ఎక్కాలి. బావ అబద్ధమాడడని అతనికి తెలుసు. తాను ఆడలేనని ఈయనకూ తెలుసు. అయినా సరేనన్నాడు. వద్దంటే ముప్పావు జీవితం దొంగతనంగా దాచినదంతా చెత్తేనని తానే ఒప్పుకున్నట్టు.

ఆఖరి మూట కట్టి, ముడి బిగించి, బండి మీదకు తోశాడు. చిరిగిన దుప్పటి అంచు నుంచి ఒక పేలిక చింపి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో భార్య ఆయన పొట్ట మీద రికార్డరు పెట్టి పట్టుకుంది, ఆయన కట్టుకున్నాడు.

"ఈసారైనా విప్పడానికి వచ్చే ముడి వెయ్యొచ్చు కదా," అంది.

"అప్పుడు కడుపు నీది. ఇప్పుడు నాది. నా కడుపు నా ఇష్టం," అన్నాడు.

నివాళినెందుకు దొంగిలించడం అని అడిగింది. సాక్ష్యం కోసమన్నాడు. బావమరిదికి రేపు కూర్చోబెట్టి వినిపిస్తాడట, ఎక్కడెక్కడ ప్రాణం లేదో. చొక్కా గుండీలు పెడుతుంటే ఆయన ముఖం పాలిపోయి ఉంది. వెళ్ళొద్దులే అనబోయింది ఆవిడ. ఆ ముఖంలోనే పెళ్ళినాటి పొగరు కూడా కనపడేసరికి ఊరుకుంది.

హాలు తలుపు దగ్గర కాపలావాడి చెయ్యి పొట్ట మీద ఆగింది. ఏంటిదన్నాడు. పేగు జారింది, కట్టు కట్టారు బాబూ అన్నాడాయన నీరసంగా. కాపలావాడు నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు. భార్య గోడ మీద గడియారం వైపు తదేకంగా చూసింది.

లోపల మెత్తటి ఎర్ర కుర్చీలు. అందరూ ఉతికి ఆరేసినట్టున్నారు. ఎవడూ ఈల వేసే మొహం కాదు. ఆయన భార్యకూ బావమరిదికీ మధ్య కూర్చుని, పొట్ట మీద మీట నొక్కి, చేతులు కట్టుకున్నాడు. రానీ చూద్దాం అన్నట్టుంది ఆ కూర్చోవడం.

ట్రంపెట్ పట్టుకుని ఒక బక్కపలచని అమ్మాయి వచ్చింది. మొదటి ఊపిరికే ఆయన కట్టుకున్న చేతులు విడిపోయాయి.

బాగుంది. అదే వచ్చిన చిక్కు. ఆ పిల్ల భయపడటం లేదు, మర్యాద చెయ్యడం లేదు. గిటారు ఆమెను తరుముతోంది, ఆమె తిరగబడుతోంది. ఆయన మనసులో తప్పులు వెతికాడు. దొరకలేదు. మంచం కింద నుంచి ట్రంకు కదిలి బండి ఎక్కుతున్న చప్పుడు చెవిలో వినపడింది. బావమరిది పక్క చూపులు చూస్తున్నాడు.

కానీ ఇంత వేగమేమిటి? ఆనాడు పెద్దాయన నింపాదిగా నడిచాడు. ఈ పరుగు తన టేపులోది. బ్యాటరీలు నీరసించి రికార్డరు మెల్లగా తిరగడంతో, మామూలుగా వేసి వింటే పరుగు మీద ఉంటుంది ఆ టేపు. ఆయన ముందుకు వంగాడు.

అమ్మాయి మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి. ట్రంపెట్ నేలకు వంచింది. ఆఖరి మెట్టు మీద కాలు పెట్టబోయింది. డ్రమ్ము అంచు మీద కర్ర టక్‌మంది.

అంతే. అందరూ ఆగిపోయారు. నిశ్శబ్దం.

హాలంతా ఊపిరి బిగబట్టింది. అమ్మాయి కళ్ళు మూసుకుని, ట్రంపెట్ పెదాలకు అంగుళం దూరంలో పట్టుకుని నిలబడింది. ఎవరో పెద్దమనిషి భక్తిగా తల వంచాడు. ఆ నిశ్శబ్దం పొడుగ్గా సాగింది. పేలిక పంటి కింద పడి, జారి, మళ్ళీ చిక్కి, ఊడి వచ్చేంత సేపు సాగింది. ఆయన నాలుక మీద పాత గుడ్డ రుచి తగిలింది. పక్కన భార్య భుజాలు కదులుతున్నాయి. ఆవిడ శాలువా కొస నోట్లో కుక్కుకుంది.

బావమరిది పరవశించిపోయి చెవి దగ్గరకు వంగాడు.

"చూశావా బావా, ఏం ఆలోచన! ఉందా ఇది నీ టేపులో?"

"ఉంది," అన్నాడాయన.

స్టేజీ మీద డ్రమ్ము మెల్లగా నడక మొదలుపెట్టింది. ఆయనకు నవ్వు తన్నుకొచ్చింది. చప్పుడు లేని నవ్వు, ఒళ్ళంతా కుదిపే నవ్వు. భార్య చెయ్యి దొరకబుచ్చుకుని నొక్కాడు. తల ఆవిడ భుజం మీద ఆన్చాడు. ఆవిడా నవ్వుతూనే ఉంది. పొట్టలు చెక్కలయ్యేలా నవ్వుకుంటున్న ముసలి జంటను చూసి వెనక వరసలో ఎవరో ష్ష్ అన్నారు. అది విని ఆవిడకు ఇంకా నవ్వొచ్చింది. కాసేపటికి ఆయన కుదుపు ఆగింది. అలిసిపోయాడనుకుంది. పాట ముగిసి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నప్పుడు, తన చేతిలో ఉన్న చెయ్యి బరువెక్కిందని ఆవిడకు తెలిసింది. నలుగురూ లేచినప్పుడు లేవకపోవడం ఆయనకు అలవాటే. ఆవిడ కూడా లేవలేదు.

తీసుకుపోయింది ఆయన పని చేసిన ఆసుపత్రికే. నర్సు చొక్కా గుండీలు విప్పి, పొట్ట మీద కట్టు చూసి, ముడితో కాసేపు పెనుగులాడి, ఇక లాభం లేదని కత్తెర తెచ్చింది. పైన కప్పిన దుప్పటికి ఒక్క ముడత లేదు. భార్య దాని మూల పట్టుకుని, చెయ్యి అలవాటు కొద్దీ, రెండో మూల కోసం ఎదురు చూసినట్టు నిలబడింది.

తర్వాత కొన్నాళ్ళకు బావమరిది వచ్చాడు. ట్రంకు వైపు చూశాడు గానీ కాలితో తట్టలేదు.

"అక్కా, బావ ఆఖరి మాటగా ‘ఉంది’ అన్నాడు. ఏముందక్కా?"

"ఆ ట్రంకు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాని మీద చెయ్యేస్తే మర్యాద దక్కదు," అంది ఆవిడ, సరిగ్గా ఆయన గొంతుతో. తర్వాత తమ్ముణ్ణి కూర్చోమని, లోపలికి వెళ్ళి ఆ జాజ్ టేపు వెతకసాగింది.

బల్ల మీద రికార్డరు ఉంది. టేపు చివరిదాకా తిరిగి తానే ఆగిపోయింది. దాని చుట్టూ కత్తెర పడిన దుప్పటి పేలిక ఇంకా వేలాడుతోంది. ముడి మాత్రం వేసింది వేసినట్టే ఉంది.