దించని గొలుసులు

ఇటుకల బండ్లు గేటు దాటి బొగ్గుబాయి లోపలికి పోతుంటే ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. లోపల మంటల్లో చిక్కిన తమ మగవాళ్లను బయటికి తీయడానికే ఏదో సామాను పోతోందనుకున్నారు పిచ్చితల్లులు. ఒక బండి బురదలో కూరుకుపోతే కొందరు భుజం పెట్టి తోశారు కూడా. సాయంత్రానికిగాని అసలు సంగతి బయటపడలేదు. మంట అంటుకున్న సొరంగానికి అడ్డంగా కంపెనీ గోడ కట్టించింది, గాలి ఆడకుండా సందుల్లో మట్టి మెత్తించింది. గోడకు అవతల ముప్పైమందికి పైగా మనుషులున్నారు. ఇవతల బొగ్గుంది. కంపెనీ బొగ్గును కాపాడుకుంది.

జర్మనీలోని రూర్ లోయలో ఆ కంపెనీకి లేనిది లేదు. బొగ్గుబాయిలు దానివే, ఉక్కు కొలుములు దానివే, వాటి మధ్య రైలు పట్టాలు దానివే. కార్మికులుండే ఇళ్లు, సరుకులు తెచ్చుకునే కొట్టు, పిల్లల బడి, ఆఖరికి ఆదివారం బాకాలు ఊదే బృందం కూడా దానిదే. పుడితే కంపెనీ మంత్రసాని, పోతే కంపెనీ శవపెట్టె. ఇంత పెద్ద కంపెనీ మనిషిని కింద వదిలేస్తుందా అని నమ్మినవాళ్లలో ఆగస్ట్ కొట్కాంప్ అందరికంటే ముందుంటాడు.

బండ మీదపడి కొట్కాంప్‌కు ఒక కాలు పోయింది. అప్పటినుంచి ఆయన గొలుసుల హాలుకు కాపలా. ఎత్తయిన పైకప్పు నుంచి వందల గొలుసులు వేలాడే హాలు అది. బాయిలోకి దిగే ప్రతివాడూ ఇంటి బట్టలు విప్పి మూటగా తన గొలుసు కొక్కేనికి తగిలించి, పైకి లాగి, తాళం వేసుకుని పోతాడు. పైకొచ్చాక తన చేతులతోనే దించుకుంటాడు. ఒకడి గొలుసు ఇంకొకడు ముట్టడు. మనిషి రాకపోతే, కనీసం శవం వచ్చేదాకా ఆ బట్టలు పైనే ఉంటాయి. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, తాతలనాటిది. గొలుసు పైనుంటే మనిషి ఇంకా పనిలో ఉన్నట్టే.

ఇప్పుడు పైన వేలాడుతున్న మూటల్లో ఒకటి కొట్కాంప్ కొడుకు లుడ్గర్‌ది.

"మామా, ఒక్కసారి దించు," అంది కోడలు ట్రూడె. "ఆ కోటొక్కటి ఇయ్యి. పిల్లకు కప్పుత. వాళ్ల నాయిన వాసనన్న ఉంటది."

"దించితే పోయిండని మనమే ఒప్పుకున్నట్టు బిడ్డా. మనమే ఒప్పుకుంటే ఆ గోడ ఎవడు తీస్తడు?"

"నువ్వింకా ఉన్నడనే అనుకుంటున్నవా?"

ముసలాయన ఆమె వంక చూడలేక ఖాళీ బెంచీలు తుడుస్తూ కూర్చున్నాడు.

మర్నాడు బాయి పనులు చూసే ఓవర్‌మేన్ హగెడోర్న్ వచ్చాడు. "పక్క సొరంగాల్లో పని మొదలుపెడుతున్నాం. తూర్పునుంచి కొత్తోళ్లొస్తున్నారు, కొక్కేలు కావాలి. ఆ మూటలు దించి ఇళ్లకు పంపు," అన్నాడు. మొహం తిప్పుకుని, "నీ ఇల్లు కూడా కంపెనీదే, గుర్తుంది గదా," అన్నాడు.

ఆ సాయంత్రం బీరు కొట్టు వెనక హాలు కార్మికులతో క్రిక్కిరిసింది. మాట మొదలవకముందే తగువు మొదలైంది. రేపు బాయిలోకి దిగకపోతే ఇళ్లు పోతాయన్నారు కొందరు. ఈ పోలెండోళ్లు ఎట్లయినా దిగుతరు, మనం ఆగి ఏం లాభమన్నారు ఇంకొందరు. ఇగ్నాట్స్ అనే పోలిష్ కార్మికుడు బల్లెక్కాడు.

"ఏం తమ్మీ, కింద మంట నన్ను పోలెండోడివా, నిన్ను జర్మనోడివా అని అడిగి కాల్చిందా? గోడ అవతల మావోళ్లున్నరు, మీవోళ్లున్నరు. ఇటుక మాత్రం ఒక్కటే."

తలుపు దగ్గర కలకలం రేగింది. పిలవని పేరంటానికి ఆడవాళ్లొచ్చారు, ముందు ట్రూడె ఉంది.

"బండి బురదల దిగబడితే తోసింది నేను," అంది. "నా మొగుని ముంగట కట్టే గోడకు ఇటుకలు నేనే తోసిన. మీరు రేపు దిగి బొగ్గు తవ్వితే, ఆ గోడకు మీరు కూడ ఇటుకలు మోసినట్టే."

జీవితంలో ఏ మీటింగులోనూ నోరెత్తని కొట్కాంప్ చంకకర్ర ఊతంగా లేచాడు.

"గోడ తీసేదాక గొలుసు దిగదు. గొలుసు దిగేదాక మనం దిగం. నాకు తెలిసింది గింతే."

ఒక్కొక్క చెయ్యే లేచింది. ఇళ్లు పోతాయన్నవాళ్ల చేతులు కూడా ఆఖరికి లేచాయి.

తెల్లారి కంపెనీ డైరెక్టర్ పోలీసులను, కొత్త పనివాళ్లను వెంటబెట్టుకుని గొలుసుల హాలుకొచ్చాడు. వెనకే ఊరంతా వచ్చింది. గొలుసుల ముందు కొట్కాంప్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ షిఫ్టు ఇంకా పైకి రాలే దొరా."

"వాళ్లు చనిపోయారు."

"ఎవరు చూసిండ్రు?"

"నేను చెప్తున్నాను."

"చెప్పుడెందుకు, గోడ తీసి చూపియ్యిండ్రి."

"తీస్తే మంట ఎగదన్ని పక్క బొగ్గంతా పోతుంది," అన్నాడు డైరెక్టర్ విసుగ్గా. అన్నాక నాలుక కరుచుకున్నాడుగానీ ఆ మాట హాలంతా వింది.

ఇగ్నాట్స్ ఆ మాటను కొత్తవాళ్లకు తమ పోలిష్ భాషలో చెప్పాడు. వాళ్లలో ఒక నెరిసిన మీసాలాయన పైకి చూసి, "ఆ కొక్కేలు ఎవరివి?" అని అడిగాడు. "పనిలో ఉన్నోళ్లవి," అన్నాడు ఇగ్నాట్స్. ఆయన తన మూట చంకన పెట్టుకుని వచ్చి కొట్కాంప్ పక్కన నిలబడ్డాడు. మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆకలి మీద వచ్చిన మనుషులు వాళ్లు.

పోలీసులు కొట్కాంప్ రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఇనుము కోసే కత్తెరలతో గొలుసులు తెగ్గొట్టారు. మూటలు దబ్బుదబ్బున రాలిపడ్డాయి. లుడ్గర్ కోటు నేలమీద పడగానే ట్రూడె దాన్ని ఎత్తుకుని మొహానికి అదుముకుంది. కాసేపటికి తొడుక్కుంది. కోటు చేతులు ఆమె వేళ్లు దాటి వేలాడాయి. అది చూసి ఇంకో ఆవిడ తన కొడుకు చొక్కా తొడుక్కుంది. ఇంకో ఆవిడ మొగుడి టోపీ పెట్టుకుంది. అందరూ కలిసి నడుచుకుంటూ పోయి బాయి నోటికి అడ్డంగా కూర్చున్నారు.

"మావోళ్ల డ్యూటీ అయిపోలే," అంది ట్రూడె. "వాళ్ల బదులు మేమొచ్చినం. ఎవ్వర్ని దిగనియ్యం."

మధ్యాహ్నానికి ఆ కబురు విని పక్క బాయిలో మనుషులను దించే చక్రం ఆగింది. పొద్దు వాలేసరికి నది అవతలి బాయిలూ ఆగిపోయాయి. ఠాణా కిటికీలోంచి కొట్కాంప్ ఆగిన చక్రాలనే చూస్తూ నిలబడ్డాడు. కాపలా పోలీసు ఆ ఊరివాడే, ముసలాయన్ను చిన్నప్పటినుంచి ఎరిగినవాడు. నీళ్ల చెంబు అందిస్తూ మెల్లగా అడిగాడు.

"పెద్దాయనా, లుడ్గర్ ఇంకా బతికే ఉన్నాడంటావా?"

"లేడు," అన్నాడు కొట్కాంప్. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. చెంబు కిటికీ గట్టు మీద పెట్టాడు. "అయినా పైకి తెస్తం."