వామైత వెన్ను

"ముకిమోలో ఇవాళ గడ్డలు తగులుతున్నాయేం?" అన్నాడు భర్త కరీతి. కోపంగా కాదు, మామూలుగానే. బంగాళాదుంపలూ మొక్కజొన్నా గుమ్మడాకూ కలిపి ఆ ముద్ద దంచుతున్నప్పుడు రోకలి ఎత్తిన ప్రతిసారీ వామైతకు నడుముకు పైన మేకు దిగినట్టయింది. ఆ మాట చెప్పకుండా, "పళ్లున్నాయిగా, నములు" అంది. అతను నవ్వాడు.

టీ ఆకు బుట్ట వీపుకెత్తుకుంటుంటే లోపల ఏదో కటుక్కుమన్నప్పటి నుంచీ ఇదే వరస. దగ్గితే నొప్పి, పక్కకు ఒత్తిగిలితే నొప్పి. కరీతి రోజూ సాయంత్రం మందు రాసేవాడు. మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. ఇంకేం కావాలే నీకు అంటారు ఆడపడుచులు. నిజమే, ఏం కావాలి? ఆ చేతులు ఎంత మెత్తగా మందు రాసేవో! కానీ ముప్పై ఏళ్లుగా వాగు నుంచి ఇంటికొచ్చే నీళ్ల డబ్బా బరువెంతో ఆ చేతులకు తెలియదు. ఈ ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఆమెకు తనే ఏదో తప్పు చేసినట్టుండేది.

చివరికి పట్టుబట్టింది కోడలు వాంజా. "మా అమ్మమ్మ ఇలాగే వంగి వంగి మంచాన పడింది, అత్తా. నేనూరుకోను" అంది. ముగ్గురూ కలిసి నైరోబీ బస్సెక్కారు.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటోను వెలుతురుకు పెట్టి చూపించింది. "ఎముకలు గుల్లబారాయి. ఈ వెన్నుపూస కొత్తగా విరిగింది, నొప్పి దీనిదే. కోత అక్కర్లేదు. సూదితో ఇందులోకి సిమెంటు లాంటి మందు ఎక్కిస్తాం, అది గట్టిపడి పూసను నిలబెడుతుంది."

"ఇంటికి కొందామనుకున్న సిమెంటు నీ వీపులోకి పోతోందే" అన్నాడు కరీతి, భయాన్ని నవ్వులో దాచుకుంటూ.

"ఇన్నాళ్లూ ఇల్లు నిలబడింది దేనిమీదనుకున్నావు?" అంది వామైత.

డాక్టరమ్మ నవ్వి, వేలు పైకి జరిపింది. "ఈ రెండూ పాతవి. ఎప్పుడో విరిగి, అణిగి, అలాగే అతుక్కుపోయాయి. వీటినిప్పుడు సరిచేయలేం. ఎప్పుడు పడ్డావమ్మా?"

"పడలేదండీ. ఈవిడకి నొప్పంటేనే తెలీదు" అన్నాడు కరీతి.

వామైత ఆ ఫొటో వంకే చూస్తూ అంది: "ఒకటి మీ అమ్మ పోయిన ఏడు. కట్టెలమోపు ఎత్తుతుంటే. నీకు చెప్పాను."

"నేనేమన్నాను?"

"పొద్దుటికి తగ్గిపోతుందన్నావు. పొద్దున పరామర్శకు వచ్చినవాళ్లకి టీ పెట్టమన్నావు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. కరీతి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రెండో దాని గురించి అడగలేదు.

ఆమెను బోర్లా పడుకోబెట్టి, వీపు మొద్దుబార్చి, తెరమీద చూసుకుంటూ సూది దించారు. ఎవరో లోపలి నుంచి బలంగా నొక్కుతున్నట్టనిపించింది, అంతే. సాయంత్రానికి వాంజా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. ఒక అడుగు, ఇంకో అడుగు. మేకు లేదు. అలవాటుగా ఊపిరి బిగబట్టి, బిగబట్టనక్కర్లేదని తెలిసి, ఏడ్చేసింది. వాంజా కూడా ఏడ్చింది. కరీతి గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

"మందులు మానొద్దు, బరువులు ఎత్తొద్దు" అని పంపించింది డాక్టరమ్మ.

ఇంటికొచ్చిన సాయంత్రం కరీతికి సంబరం ఆగలేదు. పక్కింటివాళ్లను పిలిచి, "కొత్త పెళ్లికూతురిలా నడుస్తోంది, చూడండి" అని మురిసిపోయాడు. వాళ్లు వెళ్లాక గుమ్మంలో కూర్చుని, "వాంజా, ఇక నీళ్లు నువ్వే తేవాలమ్మా. మీ అత్తను వంగనివ్వకు" అన్నాడు, ఎంతో ప్రేమగా. కొడుకు మురాగె ఫోన్‌లోంచి తలెత్తకుండానే ఊఁ అన్నాడు. వాంజా ఖాళీ డబ్బా అందుకుని, నుదుటికి తగిలించి మోసే పట్టీ భుజాన వేసుకుంది.

కోడలి నుదురు చూసింది వామైత. పట్టీ ఒరుసుకున్న గాడి దానిమీద ఇంకా పడలేదు.

"దించమ్మా అది" అంది. "వచ్చి నా పక్కన కూర్చో."

"మరి నీళ్లో?" అన్నాడు కరీతి.

"ఈ ఇంట్లో బరువెరగని వీపులు రెండున్నాయి. ఏది ముందో మీరిద్దరూ తేల్చుకోండి."

కరీతి నవ్వబోయి ఆమె మొహం చూశాడు. లేచి డబ్బా అందుకున్నాడు. పట్టీ ఎలా కట్టాలో తెలియక అటూ ఇటూ తిప్పుతున్నాడు. లేచి కట్టిపెట్టాలని వామైత కాళ్లు తొందరపడ్డాయి.

"ముడి ఇంకా కిందికి వెయ్యవయ్యా" అంది, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.