వీపుకు తగిన వంపు

కోడలు అచ్చు మీద బిగించిన క్లాంపులను ఒక్కొక్కటిగా విప్పుతూ ఉంటే, పెద్దాయన మనవరాలిని ఛాతీకి ఆనించుకుని, నిలువుగా పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. పిల్లను పడుకోబెట్టడానికి వీల్లేదు. వెన్నెముక పక్కకు ఒరిగి పెరిగిన పిల్ల. పడుకుంటే ఎడమ ఊపిరితిత్తిలో కఫం నిండుతుంది, ఆసరా లేకుండా కూర్చుంటే ముందుకు కూలబడి ఊపిరందదు. ఆమె కోసం చేసిన పాత కుర్చీ నడుము దగ్గర నిలువునా పగిలింది. అప్పటినుంచి ఆ పిల్లకు కుర్చీలు రెండే: ఒకటి తల్లి, రెండోది తాత. చేతులు మొద్దుబారేదాకా ఒకరు, ఆ తరువాత మరొకరు.

డాక్టరమ్మ మొహమాటపడలేదు. "మీ చేతులు ఎంత బలమైనవైనా ఒకే చోట నిలవవు. పక్కటెముకల్ని రెండు వైపులా పట్టి ఉంచే కుర్చీ వెంటనే కావాలి. ఆలస్యమైతే ఆ ఊపిరితిత్తి మనకు దక్కదు" అంది.

ఆ ఇంటి కింది అంతస్తంతా వర్క్‌షాపే. గుండ్రటి వీపు కుర్చీలు, గోడ వంపులో ఒదిగే అల్మారాలు, అంచు ఎక్కడా విరగకుండా చుట్టు తిరిగే బల్లలు అక్కడ తయారవుతాయి. పెద్దాయన కాలంలో గట్టిచెక్కను ఆవిరి పెట్టెలో మగ్గబెట్టి, వేడి ఆరకముందే వంచేవారు. కోడలు వచ్చాక పని తీరు మారింది. పలచటి చెక్కపొరలకు జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అచ్చు మీద వంచి బిగించేస్తుంది. ఆరాక అవన్నీ కలిసి ఒకే వంపు పలక అవుతాయి.

దాన్ని పెద్దాయన ఒకనాడు పనివాళ్ల ముందు "అట్టముక్కల పని" అన్నాడు. కోడలు ఊరుకునే మనిషి కాదు. "మీ చెక్క పొద్దున వంగి సాయంత్రానికి మాట మారుస్తుంది. నా పొరలు ఒకసారి పట్టాయంటే వెంట్రుకవాసి కదలవు" అంది. ఆ రోజుతో మామాకోడళ్ల మధ్య మాటలు తెగిపోయాయి. సర్దిచెప్పవలసిన కొడుకు లారీ మీద సరుకు వేసుకుని ఊరూరా తిరుగుతూ ఉంటాడు. ఇక రాయబారమంతా పిల్లదే. "మీ తాతయ్యతో చెప్పు, జిగురు డబ్బా మూత పెట్టమని." "మీ అమ్మతో చెప్పు, నాకూ కళ్లున్నాయని." వాళ్లిద్దరి మధ్య కూర్చుని పిల్ల అడిగేది: "అమ్మ అన్నదంతా చెప్పనా తాతయ్యా, మంచి ముక్కలు ఏరి చెప్పనా?"

నవ్వులాటగా సాగిన ఆ ఏర్పాటే కొంప ముంచింది. ఎలాగంటే, వంచిన చెక్క అచ్చు విడవగానే కొంత వెనక్కి విచ్చుకుంటుంది. అందుకే అచ్చును అసలు కొలత కన్నా కాస్త ఇరుకుగా చేస్తారు. పెద్దాయనకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కోడలు ఆసుపత్రిలో పిల్ల వీపు కొలతలు తీయించి తెచ్చి, దాని ప్రకారం చెక్కతో మూపురం లాంటి అచ్చు తయారుచేసింది. మరునాడు ఆమె పిల్లను మళ్లీ డాక్టరుకు చూపించడానికి వెళ్లినప్పుడు ఆయన ఆ అచ్చు ముందు చాలాసేపు నిలబడ్డాడు. వెంట్రుకవాసి కదలవని అంత గట్టిగా అన్న మనిషి, విచ్చుకోవడానికి చోటు వదిలి ఉంటుందా? వదలకపోతే కుర్చీ వదులవుతుంది, పిల్ల అందులో పక్కకు జారిపోతుంది. అడగవచ్చు, కాని అడగడమంటే తాను ముందుగా నోరు విప్పడం. ఆయన చిత్రిక అందుకుని అచ్చును రెండు పక్కలా సమానంగా చెక్కి ఇరుకు చేసి, గరుకు కాగితంతో నునుపు చేసి, చెక్కపొట్టంతా ఊడ్చేశాడు. పిల్లకు మేలు చేశాననే తృప్తితో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

కోడలు తిరిగి వచ్చి, తాను ముందే సరిచూసుకున్న అచ్చును మళ్లీ కొలవవలసిన అవసరం ఏమీ కనబడక, మిగిలి ఉన్న పొరలన్నీ దాని మీద వంచి బిగించింది.

ఇప్పుడు ఆఖరి క్లాంపు ఊడింది. పలక అందంగా, ఎక్కడా పొర లేవకుండా వచ్చింది. కోడలు దాన్ని పీటకు తాత్కాలికంగా బిగించి, పిల్లను ఎత్తుకుని అందులో దించబోయింది. పిల్ల దిగలేదు. రెండు అంచులూ పక్కటెముకల దగ్గరే అడ్డుకున్నాయి. కాస్త నొక్కి దించారు.

"తాతయ్యా, ఇది నన్ను నమిలే..." అంది పిల్ల. మాట పూర్తి చేయడానికి గాలి చాలలేదు. పెదవులు నల్లబడ్డాయి. కోడలు ఒక్క ఉదుటున పైకి లాగి భుజాన వేసుకుంది. వీపు నిమురుతూ ఊపిరి కుదుటపడేదాకా అటూ ఇటూ తిరిగి, పిల్లను తాత ఒళ్లోకి చేర్చి, అచ్చు కొలతకు తాను కత్తిరించి పెట్టుకున్న అట్ట తీసుకుని దాని దగ్గరకు పరుగెత్తింది. అట్టకూ అచ్చుకూ మధ్య వేలు దూరింది.

"ఏమిటిది? ఎవరు చెక్కారు దీన్ని?"

పెద్దాయన పిల్లను ఇంకాస్త దగ్గరకు పొదువుకున్నాడు. "నేనే అమ్మాయ్. విచ్చుకుంటుందని..."

"విచ్చుకోవడానికి నేను వదిలాను మామయ్యా! లెక్కగా వదిలాను!"

"కదలదన్నావుగా! వెంట్రుకవాసి కదలదన్నావు!"

"కోపంలో అన్నాను. కోపంలో అన్న మాట పట్టుకుని అచ్చు చెక్కుతారా ఎవరైనా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుల మధ్య పిల్ల సన్నగా అడిగింది: "అయితే నా రాయబారం ఉద్యోగం పోయినట్టేనా?"

ఎవరూ నవ్వలేదు.

కోడలు పొరలు అమ్మే దుకాణానికి ఫోను చేసింది. సరుకు ఓడ దిగాలనీ, నెల పడుతుందనీ అవతలి మనిషి చెప్పాడు. ఇంకో దుకాణం. అక్కడ మందపు చెక్క ఉంది, ఈ వంపుకు పనికిరాదు. ఫోను బల్ల మీద పెట్టి ఆమె తల పట్టుకుంది. పిల్ల ఛాతీలో గరగర ఆ గదిలో స్పష్టంగా వినిపిస్తోంది.

"ఆవిరి పెడదాం" అంది కోడలు హఠాత్తుగా. "మీ పెట్టెలో పెట్టి మెత్తబడ్డాక కాస్త విప్పుదాం. మీకు చేతనవును కదా."

ఇన్నేళ్లుగా ఆమె నోట వినాలని ఆయన తపించిన మాట అదే. అయినా తల అడ్డంగా ఊపాడు. "నీ జిగురు ఆవిరికి ఆగదేమోనే తల్లీ. ముందు ముక్కతో చూడు."

పలక అంచున కోసిన తుక్కుముక్కను కోడలు మరిగే కెటిల్ మూతి దగ్గర పట్టింది. అది కాసేపటికి మెత్తబడింది. ఆ వెంటనే తడిసిన అట్టలా పొరలు పొరలుగా విడిపోయింది. చేతిలో ఆ ముక్కలు పట్టుకుని కోడలు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. "నా చేతులు ఇంక ఆగవు మామయ్యా. రాత్రి నిద్రలో ఒక క్షణం జారాయి. మీతో చెప్పలేదు."

"నావి రెండుసార్లు జారాయి" అన్నాడాయన. "నేనూ చెప్పలేదు."

పలక వంక చూస్తూ ఆమె మెల్లగా లేచింది. మధ్యలో, వెన్ను వచ్చే చోట, వేలితో పైనుంచి కిందికి ఒక గీత గీసింది. "రెండుగా కోసి ఎడం చేద్దాం. వెనక అడ్డబద్దలు వేసి స్క్రూలతో బిగిద్దాం. వెన్నుకు ఒరిపిడి కూడా తగ్గుతుంది."

"కోస్తే లోపలి బిగువు తెగుతుంది. ఏ సగం ఎటు తిరుగుతుందో తెలియదు."

"తెలియదు. కొయ్యకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు కదా."

వంపు పలక మిషను రంపం మీద నిలవదు, చేతిరంపంతోనే కొయ్యాలి. కొయ్యడానికి ఒకరు, కదలకుండా పట్టడానికి ఇంకొకరు కావాలి. పిల్లను పట్టడానికి మరొకరు కావాలి. ఉన్నది ఇద్దరే. పెద్దాయన గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుని, పిల్లను ఛాతీకి ఆనించి దుప్పటితో తనకు కట్టించుకున్నాడు. కాళ్లు చాచి, పలకను మోకాళ్ల నడుమ ఇరికించి, రెండు చేతులతోనూ అంచులు పట్టాడు. "కానియ్" అన్నాడు. రంపం ప్రతి లాగుకూ పలక అదిరేది. ఆ అదురు ఆయన తొడల్లోంచి పిల్ల వీపులోకి పాకేది. పిల్ల దగ్గినప్పుడల్లా కోడలు చెయ్యి ఆగేది. "ఆగకు, ఆగకు" అనేవాడు పళ్లు బిగించి.

సగం దాటాక టప్పుమంది. కుడి సగం పక్కకు మెలి తిరిగి, కోత వెంట పై పొర గోరంత లేచింది. కోడలు బ్లేడుతో అందులోకి జిగురు తోసి, అరచేతితో అదిమింది. క్లాంపు ఆ వంపు మీద నిలవలేదు. కనుక ఆమె తన బరువంతా చేతి మీద వేసి అలాగే ఉండిపోయింది. వంగి ఉన్న ఆమె నుదురు మామగారి మోకాలికి తగులుతోంది. జిగురు పట్టేదాకా ముగ్గురూ కదలలేదు. పిల్ల హాస్యాలు ఎప్పుడో ఆగిపోయాయి. ఇప్పుడు గాలి లోపలికి తీసుకోవడమే ఆమెకు పెద్ద పని.

మిగిలింది కోసి, సగాలను ఎడం చేసి, బద్దలు బిగించి, లోపల మడిచిన కంబళి పరిచారు. పిల్లను దించారు. ఎడమ పక్కటెముకలు పలకకు హాయిగా ఆనాయి. కుడివైపు, మెలి తిరిగిన అంచు చంక కింద ఒరుసుకుంది. కోడలు పిల్లను కుర్చీలోంచి తీయకుండానే, కింద తన అరచెయ్యి అడ్డం పెట్టి ఆకురాయితో ఆ అంచును అరగదీసింది. ఒకటి రెండుసార్లు ఆకురాయి ఆమె చేతినే గీరింది. ఆమె ఆపలేదు.

పట్టీ బిగించారు. పిల్ల తల వెనక్కి వాలి ఆగింది. భుజాలు కూలలేదు. గరగర తగ్గలేదు, పెరగనూ లేదు. పెదవుల మీద నలుపు మటుకు ఇంకా ఉంది. ఇద్దరి చేతులూ ఇంకా పిల్లను చెరో పక్క పట్టుకునే ఉన్నాయి.

"చెయ్యి తియ్యండి మామయ్యా. నిలుస్తుందో లేదో తెలియాలి కదా."

"నువ్వు ముందు తియ్యి."

ఆమె తియ్యలేదు. ఆయన తియ్యలేదు. పిల్ల ఒక ఊపిరి తీసింది. ఇంకొకటి తీసింది. చివరికి కోడలు వేళ్లు సడలించి, చేతిని పిల్ల ఒంటికి గోరంత దూరంలో గాలిలోనే ఉంచింది. కొంతసేపటికి పెద్దాయన కూడా వేళ్లు విడిచాడు. పిల్ల కూలబడలేదు. తరువాతి ఊపిరి కోసం ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగారు.