మింగుతాను

బీమా ఆఫీసు దొరలూ, మా బావ గొంతులో ముద్ద అడ్డంపడింది మీవల్లే.

బావంటే మా అక్క మొగుడు. ఆయనా నేనూ ఒకే షెడ్డులో ఇనుప గేట్లు చేస్తాం. వెల్డింగులో ఆయన చెయ్యి పడితే అతుకు కనబడదు. అన్నం దగ్గర మాత్రం ఆఖరు. తిండికి ఇరవై నిమిషాలిస్తారు. ఆయన ముద్దకో గుక్క నీళ్లు తాగుతూ నములుతూనే ఉంటాడు. "నెమరయ్యా, సాయంత్రం టీ కూడా ఇక్కడే కానిస్తావా?" అని షెడ్డంతా ఏడిపించేది. ఆలస్యానికి జీతం కోసేవాళ్లు. అది జబ్బని పదేళ్లకు తెలిసింది. అన్నవాహిక లోపల వాచి ఇరుకైపోతుందట. పూర్తిగా పోయేది కాదు, మందుతో అణిచిపెట్టుకోవాల్సిందే.

డాక్టరమ్మ రాసింది ఉబ్బసం వాళ్లు పీల్చే మందు. "నోట్లోకి కొట్టుకోండి. పీల్చకండి, మింగండి, లోపల వాపుకి అంటాలి. అరగంట మంచినీళ్లు కూడా వద్దు" అంది. నెలకో డబ్బా. మూడు నెలలకు బావ మాతోపాటే లేచి గిన్నె కడిగాడు. ఆ రోజు ఎవరూ నెమరయ్య అనలేదు.

డబ్బా ఖరీదు ఆయన ఆరు రోజుల కూలి. నెలనెలా జీతంలో బీమాకి కోస్తున్నారు కదా అని మీ దగ్గరికొచ్చాం. కాగితంలో "వాడే విధానం" అన్నచోట బావ "మింగుతాను" అని రాశాడు.

"మీకు ఉబ్బసం ఉందా?" అన్నాడు మీ గుమస్తా.

"లేదండి."

"పీల్చేది మింగుతారా?"

"డాక్టరమ్మ చీటీ ఉందండి, చూడండి."

పక్క సీటాయన నవ్వాడు. "రేపు సెంటు తాగి బిల్లు తెస్తారు గురూ!"

చీటీ విప్పనే లేదు. "పీలుస్తాను అని రాసుంటే పాసయ్యేది" అంటూ గుమస్తా కాగితం తోసేశాడు.

ఇంటికొచ్చాక అక్క నెత్తి కొట్టుకుంది. "ఆ ఒక్క ముక్క మార్చి రాయకూడదా! మీ నిజం ఎవడిక్కావాలి?"

"రాస్తే డాక్టరమ్మని అబద్ధాలకోరుని చేసినట్టే. రేపు నాలాంటోడు ఇంకొకడొస్తే వాడికీ ఇదే చెబుతారు" అన్నాడు బావ.

అక్క కుట్టుమిషన్ అమ్మింది. ఆ డబ్బు నాలుగు డబ్బాలకొచ్చింది. ఆ తర్వాత బావ రోజు విడిచి రోజే నోట్లోకి కొట్టుకున్నాడు, మాకెవరికీ చెప్పకుండా.

పోయిన వారం షెడ్డులో ముద్ద దిగలేదు. ఉమ్మి కూడా దిగలేదు. బకెట్ మీదికి వంగి, కళ్లు తేలేసి, నా చొక్కా పట్టుకున్నాడు. ఆస్పత్రిలో గొట్టం వేసి తీశారు. ఆ బిల్లు మాత్రం కిక్కురుమనకుండా పాస్ చేశారు. ఏడాది మందు వచ్చేది దాంతో! పోయిన కూలి, గీరుకుపోయిన గొంతు మాకు మిగిలాయి.

ఇవాళ మళ్లీ కాగితం నింపాం. ఈసారి పెన్ను నేను పట్టుకున్నాను. "పీ" అని రాశాను కూడా. బావ మాట్లాడలేడు, గొంతింకా పచ్చిపుండు. పెన్ను లాక్కుని, నా అక్షరం కొట్టేసి, పెద్దగా రాశాడు: మింగుతాను.

ఆ కొట్టివేతతోనే కాగితం మీ బల్ల మీద పెట్టాం. డబ్బాలో నాలుగు సార్లకే మందుంది. చీటీ విప్పండి. చదవండి. మా బావకే కాదు, మింగే ప్రతివాడికీ మందు డబ్బు కట్టండి. ఇవాళే సంతకం పెట్టండి.