తిన్నది

“డిగ్రీ సదివినావు గదే, పిల్లి తిండి మంచిదో సెడ్డదో సెప్పలేవేటి?” అంటూ నా భర్త టైటస్ రెండు కిలోల సంచీ వంటింటి గట్టు మీద పెట్టాడు. ఆయన అరకులో ఒక రిసార్టుకు కాపలాదారు. యజమానురాలు నెల రోజులు ఊరెళ్తూ తన పిల్లి డాలీని మాకు అప్పగించింది. పాత రకం తిండి దొరకడం లేదట. ఈ కొత్తది డాలీ ఒంటికి పడుతుందో లేదో చూసి రోజూ రాయమంది.

“పిల్లికి డాలీ ఏటి? మా సెల్లెలి పేరది,” అని మా అత్త సవరమ్మ మూతి తిప్పింది.

మా గూడెంలో డిగ్రీ దాకా వెళ్లిన మొదటిదాన్ని నేనే. చదివింది హోమ్ సైన్స్. ఆ చదువుకు ఈ ఇంట్లో పని తగలడం ఇదే మొదలు కాబట్టి శ్రద్ధగానే చేశాను. సంచీ వెనక పట్టీలో బరువెక్కువ ఉన్న సరుకు ముందు రాస్తారు, తక్కువది ఆఖర్న. ఇందులో కోడిమాంసం పొడి ముందుంది, మొక్కజొన్న మూడోది. మంచి గుర్తే. మాంసకృత్తులు ముప్ఫై రెండు శాతం, తేమ తీసేసి లెక్కకడితే ముప్ఫై అయిదున్నర. పిల్లి గుండెకూ కంటికీ కావలసిన టారిన్ ఉంది. కింద చిన్న అక్షరాల్లో, చూలు పిల్లికి రెట్టింపు పెట్టవలెను అని ఉంది. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నాకు అయిదో నెల.

మా ఇంటికీ ఒక పట్టీ ఉంది, ఎవరూ రాసింది కాదు. అంగన్‌వాడీలో నా పేరు మీద ఇచ్చే గుడ్లు టైటస్‌కు రెండు, అత్తకు ఒకటి, మిగిలితే నాకు. “మగోడు పనికెల్లాల. కడుపుతో ఉన్నదానికి గెంజి సలవ,” అంటుంది అత్త. నా రక్తం ఏడున్నర ఉందని నర్సమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకుంటే వాంతులయ్యేవి, మానేశాను. ఆ సంగతి టైటస్‌తో చెబితే, “తట్టుకోవాలే ఫ్లోరెన్సూ, మా అమ్మ తట్టుకోలేదేటి,” అన్నాడు.

రోజూ పొద్దున యాభై అయిదు గ్రాములు తూచి, పెరటి గడప అవతల గిన్నెలో పోసేదాన్ని. అందరూ తిన్నాక గిన్నె చూసి, నోటుపుస్తకంలో తేదీ పక్కన ఒకటే మాట రాసేదాన్ని: తిన్నది.

పద్దెనిమిది రోజుల తరవాత డాలీ నా కంటబడటం మానేసింది. గిన్నె మాత్రం ఖాళీ అవుతూనే ఉంది. చలికాలం, పది దాకా మంచు విడవదు. గడప దాటితే చాచిన చెయ్యి కనబడదు. పిల్లి అందులోనే ఎక్కడో తిరుగుతోందనుకున్నాను. పొయ్యి ముందు కూర్చుంటే కాసేపటికి కరకర వినబడేది. మంచులోంచి కాదు, చాలా దగ్గర నుంచి, నా చెవుల వెనక నుంచి. లేచి చూస్తే గిన్నె నాకినంత శుభ్రంగా ఉండేది. ఒకరోజు పిల్లి అడుగుల కోసం తడిమట్టిలో వెతికాను. ఒకే రకం జాడలున్నాయి. నా చెప్పులవి. నేనే కదా గిన్నె పెట్టేది అనుకుని లోపలికి వచ్చి రాశాను: తిన్నది.

ఇరవై ఎనిమిదో రోజు నర్సమ్మ వేలు గుచ్చి చూసింది. ఎనిమిదిన్నర. “బాగానే సూసుకుంటన్నారే!” అని టైటస్‌ను మెచ్చుకుంది. “మా ఇంట్లో తిండికి లోటేటి, సిస్టర్,” అన్నాడాయన. అత్త నవ్వింది. నేనూ నవ్వాను గానీ, గట్టు మీద విప్పని మాత్రల అట్ట నా వైపే చూస్తున్నట్టు అనిపించింది.

ముప్ఫయ్యో రోజు పక్కింటి కనక డుంబ్రిగుడ సంతకు వెళ్తూ ఆగింది.

“వదినా, మీ పిల్లిని ఎప్పుడు తీసుకెల్తావు? మా కాఫీ గింజలేసే కొట్లో నాలుగు పిల్లల్ని ఏసింది. పన్నెండు రోజులాయె, గుమ్మం దాటితే ఒట్టు. ఎండుసేపలు నేనే పెడతన్నాను.”

“పన్నెండు రోజులా?”

“నీకు తెల్సనుకున్నాను. ఏటలా సూత్తావు? దెయ్యాన్ని సూసినట్టు!”

ఆమె వెళ్లిపోయింది. చలికి స్వెట్టర్ జేబులో చేతులు పెట్టుకున్నాను. కుడి జేబులో ఏదో గరగరలాడింది. తీశాను. నక్షత్రాల్లాంటి చిన్న పలుకులు, గుప్పెడు. కొన్ని సగం కొరికినవి. నాలుక పన్ను సందులోకి వెళ్లింది. అక్కడ ఇంకా కోడిమాంసం పొడి ఉప్పన ఉంది.

భయం వేసింది. ఏడుపు రాలేదు. కడుపులో బిడ్డ ఒకసారి మెసిలింది.

లోపలికెళ్లి మూడు గుడ్లు ఉడకేశాను. రెండు ఒలిచి, పీట వేసుకుని కూర్చుని తిన్నాను.

“ఒసే, మగోడింకా తినందే! ఏటి సేత్తన్నావు?” అంది అత్త.

“అంగన్‌వాడీ పుస్తకంలో నా పేరే ఉందత్తా,” అన్నాను.

టైటస్ గుమ్మంలో నిలబడి పళ్లెంలో మిగిలిన ఒక్క గుడ్డునూ, నా నోటినీ మార్చి మార్చి చూశాడు.

అప్పుడు నోటుపుస్తకం తెరిచాను. ఆహారం మంచిదే, మేడమ్, అని ముందు రాశాను. ఆఖరి పన్నెండు రోజుల లెక్కలు కొట్టెయ్యబోయి ఆగాను. ఒక్కటీ అబద్ధం కాదు. పన్నెండు చోట్లా ముందు నా పేరు చేర్చాను. మన భాషలో పిల్లికీ ఆడదానికీ క్రియ ఒకటే, మార్చే పని పడలేదు.

ఫ్లోరెన్స్ తిన్నది.