ఆరాలమ్మ సొంత కాగితం

“జబ్బులేమైనా ఉన్నాయా?” అని ఆరాలమ్మ ఎవరినీ అడగదు. అడిగితే లేవనే అంటారని ఇరవై రెండేళ్ల అనుభవం. పన్ను మీద చెయ్యి వేసే ముందు మనిషి ఒంట్లో ఏముందో రాసుకోవడం ఓ పళ్ల క్లినిక్కులో ఆమె పని. అన్నీ ఆరా తీస్తుందని ఆరాలమ్మ అన్న పేరు కూడా రోగులు పెట్టిందే. ఎదుట కూర్చున్న డ్రైవరును, పొద్దున లేచింది మొదలు నోట్లో ఏమేం వేసుకుంటాడో వరసగా చెప్పమంది. అతను పళ్లపొడి దగ్గర మొదలుపెట్టి, టీ దాటి, ఓ చిన్న మాత్ర దగ్గర ఆగాడు. అది జబ్బుకు కాదట, రక్తం పలచబడటానికట! ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది.

“నిన్న వేసుకున్నారా?”

“లేదమ్మా. పన్ను పీకితే రక్తం ఆగదేమోనని మూడ్రోజుల్నించి మానేశాను.”

“ఎవరు మానమన్నారు?”

“ఎవరూ అన్లేదు. నేనే.”

ఆమె పెట్టిన చీవాట్లు లోపలి గదిలో డాక్టరుకూ వినిపించాయి. పన్ను ఇవాళ కాకపోతే వచ్చేవారం పీకించుకోవచ్చు, రక్తం గడ్డకట్టి మెదడుకు అడ్డుపడితే మనిషే మిగలడు, అంది. కాగితం మీద ఎర్రగీత గీసి, ముందు గుండె డాక్టరును అడిగి రమ్మని పంపించేసింది. ఎర్రగీత లేని కాగితం వస్తే డాక్టరు ఇక ఏమీ అడగడు. ఆమె మీద అంత గురి.

అసలు సంగతేమిటంటే, అలాంటి మాత్రే ఆమె కూడా ఏడాదిగా వేసుకుంటోంది. గుండె లయ తప్పుతోందని ఊరికి ఆ చివర ఉన్న ఆసుపత్రిలో చెప్పారు. ఇక్కడ మాత్రం ఎవరి చెవినా వెయ్యలేదు. ఈ వివరాలన్నీ ఇకమీదట రోగులే ఫోనులో నింపుకోవచ్చని, ఒంట్లో బాగుండకపోతే ఆమె విశ్రాంతి తీసుకోవచ్చని కిందటి నెల డాక్టరు మర్యాదగానే అన్నాడు. విశ్రాంతి తీసుకుని ఏం చెయ్యాలి, గోడల దగ్గర ఆరా తియ్యాలా? తలుపు పక్కనున్న ఈ బల్ల దగ్గర రోజుకు పాతికమంది ఆమెకు కడుపులో మాట చెబుతారు. అద్దెగదికి వెళితే ఇంటి యజమానురాలు “వచ్చారా?” అంటుంది. ఆ పూటకు అదే మాట, అదే ముచ్చట.

వారం రోజులుగా ఆమె దవడపన్ను సలుపుతోంది. ఆ రోజు ఆఖరి రోగి వెళ్లాక పీకుతానన్నాడు డాక్టరు. రక్తం ఎక్కువ కారితే గుట్టు బయటపడుతుందని నాలుగు రోజుల కిందటే ఆమె మాత్ర మానేసింది. డ్రైవరును తిట్టినంతసేపూ ఆమెకు తన సంగతి తెలుస్తూనే ఉంది, గొంతు పెంచింది అందుకే.

సాయంత్రం డాక్టరు ఖాళీ కాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

“మీది మీరే రాసుకోండమ్మా. మిమ్మల్ని అడిగేంతవాణ్నా నేను?” అని నవ్వాడు.

ఎవరైనా అడిగితే బాగుండునని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. నిన్న వేసుకున్నారా అని ఒక్కసారి, ఊరికే అయినా అడిగితే చెప్పేసేదే. డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. ‘వాడే మందులు’ అన్నచోట ‘ఏమీ లేవు’ అని గుండ్రంగా రాసింది. ‘అవసరమైతే ఎవరికి కబురు చేయాలి’ అన్నచోట చాలాసేపు ఆగి, ఆ క్లినిక్కు నంబరే వేసింది.

పన్ను తేలిగ్గా వచ్చింది. రక్తం ఇట్టే ఆగింది. మీ ఒళ్లు బంగారమమ్మా, అన్నాడు డాక్టరు. ఆమె నోట్లో దూది కరిచిపట్టి, తల ఊపి వెళ్లిపోయింది.

మర్నాడు డాక్టరు తాళం తీసేసరికి లోపల ఫోను మోగుతోంది. పెద్దాసుపత్రి నుంచి. ఆరాలమ్మ మంచం పక్కన పడి ఉంటే ఇంటి యజమానురాలు చూసి తీసుకొచ్చిందట. మాట లేదట. చేతిసంచిలో దొరికింది ఈ ఒక్క నంబరేనట. మందులేమైనా వాడుతోందా అని అడిగారు. డాక్టరు నిన్నటి కాగితం తీసి చూశాడు.

“ఏమీ వాడరండీ. ఆవిడే స్వయంగా రాశారు. ఆవిడ రాసినదాంట్లో పొరపాటుండదు.”

మధ్యాహ్నం ఫోను మళ్లీ మోగింది. డాక్టరు విని, పెట్టేసి, వరసలో కూర్చున్నవాళ్లను రేపు రమ్మన్నాడు. ఎందుకని అడిగిన ఒకరిద్దరికి, ఆరాలమ్మ పోయిందని చెప్పాడు. ముఖం కడుక్కుందామని వెనక కుళాయి దగ్గరికి వెళ్లాడు. అక్కడ గట్టు మీద ఆమె నిన్న కడిగి బోర్లించి మరిచిపోయిన అన్నం డబ్బా, పక్కనే దాని మూత, రెండూ పొడిగా ఆరిపోయి ఉన్నాయి.