బాగుచేసిన జీను

మా ఊళ్ళో కొత్త జీను కుట్టడం నేరం. పాతది బాగుచెయ్యడం నేరం కాదు. కొత్తది కావాలంటే సముద్రం అవతలి నుంచి ఓడలో రావాల్సిందే. అది సర్కారు చట్టం. ఆ చట్టం రాసినవాళ్ళెవరూ మా గుర్రాలను చూసి ఉండరు. ఇక్కడివి సన్న వీపుల కొండ గుర్రాలు. అక్కడి జీన్లు బాగా మేపిన గుర్రాల కొలతకు కుట్టినవి. నాలుగు రోజులు వేస్తే చాలు, వీపు పుండు పడుతుంది.

నేను జీన్లు కుట్టేవాణ్ణి. మా నాన్న నేర్పిన పని అదొక్కటే. చట్టం వచ్చాక, ఏదో పాత జీనుకి ఊడిపోయిన ఇత్తడి బకిలు నన్ను ఆదుకుంది. దాని చుట్టూ కొత్త చట్రం, కొత్త తోలు, కొత్త పట్టీలు బిగించి, తనిఖీ గుమాస్తా వస్తే బకిలు చూపించి, పాతదేనండీ, కాస్త బాగుచేశాను అనేవాణ్ణి. ఆయన వెళ్ళాక దాన్ని ఊడదీసి, ఇంకోటి తగిలించి, జీను పంపేసేవాణ్ణి. పాత బకిలు మళ్ళీ సొరుగులోకి వచ్చేది. పక్కింటి కమ్మరి దానికి ముసలాయన అని పేరు పెట్టాడు.

"ఏం బావా, ముసలాయన ఈసారి ఎవరి గుర్రమెక్కాడు?" అని గోడ మీంచి కేకేసేవాడు.

ఊరంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. కాని పని వచ్చిన చేత్తో దొంగలా కుట్టడం ఎలా ఉంటుందో కుట్టేవాడికే తెలుసు. మంచి కుట్టు పడిన రోజున కూడా దాన్ని నాదని చెప్పుకునే వీలు లేదు.

మా అమ్మకి ఈ నవ్వులు గిట్టేవి కావు. చంటిపిల్లగా ఓడ దిగి, జుట్టు నెరిసేదాకా ఇక్కడే బతికినా, అవతలి ఒడ్డునే మన దేశం అనేది.

"పెద్దవాళ్ళకి తెలియక చేసుంటార్రా. ఎవరైనా వెళ్ళి నెమ్మదిగా చెప్తే వింటారు."

"ఎన్నిసార్లు చెప్పి పంపాం అత్తా!" అనేవాడు కమ్మరి. "జవాబుకే దిక్కులేదు. ఇక వాళ్ళ ఏలుబడే మనకొద్దు. మన బాగోగులు మనమే చూసుకుందాం."

"ఓడ ఆలస్యమై ఉంటుంది" అనేది అమ్మ.

కమ్మరి కొలిమి దగ్గర మనుషులు పోగయ్యి మాట్లాడుకునేవాళ్ళు. నన్నూ రమ్మనేవాడు. పనుందని తప్పించుకునేవాణ్ణి.

జవాబు రాలేదు గాని సిపాయిలు వచ్చారు. ఇంటికొకరిని పెట్టుకుని తిండి పెట్టాలని చాటింపు వేశారు. మా వంతుకి వచ్చినవాడు ముందు గది కావాలన్నాడు. అది నా పనిగది. వీధి కిటికీ అక్కడే ఉంది. తోలు మీద కుట్టు తిన్నగా పడాలంటే ఆ వెలుతురు ఉండాలి. చేసేది లేక బల్లను వంటింట్లోకి లాగాం. పొగలో దారం కంటికి ఆనక, తోలుకి పడాల్సిన పోట్లు నా వేళ్ళకి పడ్డాయి.

"ఏవండీ, అల్లుడుగారికి నీళ్ళు కాగాయేమో చూడండి" అనేది మా ఆవిడ, వాడికి వినబడేలా.

"మనకి కూతురే లేదు కదే."

"కూతురు లేని ఇంటికి అల్లుడొచ్చి కూర్చున్నాడు, అదే కదా నా ఏడుపు!"

అమ్మ మాత్రం మురిసిపోయింది. వాడి గుమ్మం దగ్గరే కూర్చుని తాను పుట్టిన వీధి గురించి అడిగేది. వాడు పకపకా నవ్వేవాడు.

"మామ్మా, నీది మా ముత్తాతల నాటి మాట. అక్కడ ఇలా మాట్లాడితే నాటకమాడుతున్నావనుకుంటారు."

అమ్మ కూడా నవ్వింది, కాస్త ఆగి.

"అవునుగాని నాయనా, ఇంతమంది ఎందుకొచ్చారు?"

"మిమ్మల్ని కాపాడ్డానికి."

"ఎవరి నుంచి?"

కమ్మరి సుత్తి మోత వస్తున్న వైపు చూశాడు వాడు. "మీ నుంచే మామ్మా."

అమ్మ అది వేళాకోళమనుకుంది.

ఒక మధ్యాహ్నం తోళ్ళ కోసం వెళ్ళి వచ్చేసరికి, బండివాడి కోసం నేను కుడుతున్న జీను ముందు గదిలో ఉంది. అమ్మ ముఖం వెలిగిపోతోంది.

"మన దేశంలో కూడా నీలా కుట్టేవాళ్ళు లేరంటే నమ్మడేంట్రా! అందుకే తెచ్చి చూపించాను. ఈ బకిలొక్కటే పాతది, మిగతాదంతా మావాడి చేతిదే అని చెప్పాను."

సిపాయి వేళ్ళతో కుట్టు తడుముతున్నాడు.

"బాగుంది" అన్నాడు. మనసులోంచే అన్నాడు.

మర్నాడే గుమాస్తా మనుషులతో దిగాడు. తోలుకు చిల్లులు పొడిచే ఆరెలు, కత్తులు, మైనపు ఉండలతో సహా మూట కట్టించాడు. బండివాడి జీనూ పోయింది. వెళ్తూ వెళ్తూ బకిలు ఊడబెరికి బల్ల మీదికి విసిరాడు.

"ఇది ఉంచుకో. పాతదేగా. ఇక బాగుచేతలు కూడా బంద్."

అమ్మ సిపాయి దగ్గరికి వెళ్ళింది.

"నువ్వే చెప్పావా?"

"నా ఉద్యోగం మామ్మా."

"బాగుందన్నావు కదరా!"

"బాగుంది కాబట్టే. ఇక్కడ ఇంత బాగా కుట్టుకుంటే మా జీన్లెవరు కొంటారు?"

"మనవాడివనుకున్నాను."

"మీరు ఇక్కడివాళ్ళు కదా మామ్మా" అన్నాడు వాడు. ఎగతాళిగా కూడా కాదు, తెలియని మనిషికి దారి చెప్పినట్టు.

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మా ఆవిడ బతిమాలితే, "నాకేం కాలేదు, నువ్వు తిను" అంది. నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు.

తెల్లారాక కమ్మరి వచ్చి గుడ్డలో చుట్టిన ఆరెలు, కత్తి నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"ఇవి చెయ్యడమూ నేరమే బావా. పట్టుకుంటే ఇద్దరం ఒకే జైలు కొట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుందాం."

నేను మాట్లాడేలోపు ముందు గదిలో ఏదో ఈడ్చిన చప్పుడైంది. అమ్మ సిపాయి పెట్టెను గడప దాటిస్తోంది. అంత బరువు ఎలా కదిలించిందో! వాడు గడ్డం గీసుకుంటూ, సగం నురగతో, గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"ముందు గది మాకు కావాలి నాయనా. మావాడికి వెలుతురు లేదు."

వాడు నవ్వబోయాడు. ఈలోగా కమ్మరి పెట్టెకు రెండో వైపు చెయ్యి వేశాడు. మా ఆవిడ నీళ్ళ చెంబు తెచ్చి పెట్టె మీద పెట్టింది.

"మొహం కడుక్కుని వెళ్ళండి అల్లుడుగారూ."

వీధిలో జనం చేరారు. వాడు నవ్వు మానేసి, కోటు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బల్లను కిటికీ కిందికి లాగాను. తలుపులు బార్లా తెరిచాను. బండివాడు గుర్రాన్ని తోలుకొచ్చి కిటికీ ముందే కట్టేశాడు. దాని వీపు మీద పుండు పచ్చిగా ఉంది. కొలత తీసుకుని తోలు కోశాను. అమ్మ స్టూలు లాక్కుని పక్కనే కూర్చుని దారానికి కొవ్వొత్తి మైనం పట్టించింది.

ఎండ బల్ల సగానికి వచ్చేసరికి గుమాస్తా వచ్చాడు, వెనక సిపాయిలతో. వాళ్ళ వెనక వీధంతా నిలబడింది. ఆయన చూపు తోలు మీంచి జనం మీదికి వెళ్ళి, బల్ల మీదున్న బకిలు దగ్గర ఆగింది.

"ఏమిటది? పాతదే బాగుచేస్తున్నావా?" అన్నాడు, బాగుచేతలు బంద్ అన్న మాట తనే మరిచినట్టు, గొంతు తగ్గించి.

తలాడిస్తే ఆ పూటకి వెళ్ళిపోయేటట్టున్నాడు. అలవాటైన మాట నా నాలుక చివరికి వచ్చేసింది.

అమ్మ చెయ్యి చాచి బకిలు తీసుకుని కొంగున ముడేసుకుంది.

"కొత్తదండీ" అంది. "మా ఊరి గుర్రానికి మావాడు కుడుతున్నాడు."

నేను ఆరె తీసుకుని తరవాతి చిల్లు పొడిచాను.